వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళు పడకుండా ఏది మేలు: బాత్రూం కడ్డీలా, ఎక్సర్‌సైజా, రాత్రి ఆయమ్మా?

నల్గొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు కొన్ని వృద్ధాశ్రమాలకు ఫిజియోథెరపీ చేయించడానికి వెళ్తుంటాను. అందుకే ఈ ప్రశ్న నాకు ఫోన్లో వస్తూనే ఉంటుంది. "అమ్మను ఆశ్రమంలో చేర్పించాం, అప్పుడే రెండుసార్లు పడింది. బాత్రూంలో కడ్డీలు పెట్టించమంటారా, రెయిలింగ్ ఉన్న మంచం కొనమంటారా, ఎక్సర్‌సైజులు చేయించమంటారా?" హైదరాబాద్‌లో ఉన్న కొడుకూ ఇదే అడుగుతాడు, అమెరికాలో ఉన్న కూతురూ ఇదే అడుగుతుంది. ఆశ్రమం నడిపేవాళ్ళు మాత్రం ఇంకా సూటిగా అడుగుతారు: "సార్, మా దగ్గర ఉన్న డబ్బుతో ఒక్క పని చేయగలం. ఏది చేద్దాం?"

ఈ రెండో ప్రశ్నకే ఇక్కడ జవాబు రాస్తున్నాను. అన్నీ చేయండి అనడం తేలిక. ఇరవై మంది పెద్దవాళ్ళను ఇద్దరు ఆయమ్మలతో నెట్టుకొస్తున్న చోట ఆ సలహా ఎందుకూ కొరగాదు. తుంటి విరిగితే ఏమవుతుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు, దాదాపు ప్రతి ఇంట్లో ఒకరిని చూసే ఉంటారు. ఇలాంటి సంరక్షణ గృహాల్లో ఉండేవాళ్ళలో ఏటా 30 నుంచి 50 శాతం మంది పడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక చెప్పింది. అంటే మీ ఆశ్రమంలో ఒకరు పడ్డారంటే అది ఆ మనిషి ఖర్మా కాదు, ఆయమ్మ తప్పూ కాదు.

ఎవరు పడ్డా మనం ముందు నేలను తిడతాం. టైల్స్ నున్నగా ఉన్నాయి, నీళ్ళు ఒలికాయి, అందుకే జారింది అంటాం. పాత ఇళ్ళలో తాండూరు బండల మీద నడిచిన కాళ్ళకు విట్రిఫైడ్ టైల్స్ కొత్తే, అందులో అబద్ధం లేదు. కానీ కెనడాలో వాంకూవర్ దగ్గర రెండు వృద్ధ సంరక్షణ గృహాల్లో కెమెరాలు పెట్టి, మనుషులు నిజంగా ఎలా పడుతున్నారో చూశారు. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అది. 130 మంది, 227 సార్లు పడ్డారు. అందులో 41 శాతం, ఒంటి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకునేటప్పుడు తూలి పడినవి. కాలు తట్టుకుని పడినవి 21 శాతం. జారి పడినవి 3 శాతమే.

ఆ 3 శాతాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చుకోకూడదు. ఆ కెమెరాలు హాళ్ళలో, వరండాల్లో పెట్టినవి, బాత్రూముల్లో కాదు. పైగా వాళ్ళ నేల పొడిగా ఉంటుంది, మన బాత్రూం ఇరవై నాలుగు గంటలూ తడే. అయినా బరువు మార్చుకునేటప్పుడే ఎక్కువగా తూలతారని ఆ అధ్యయనం చెప్పిందీ, నేను ఆశ్రమాల్లో చూసేదీ కలుస్తాయి. నేను చూసినంతలో, తిన్నగా నడిచిపోతున్న మనిషి కంటే, లేస్తున్న మనిషి, మళ్ళుతున్న మనిషి, కూర్చోబోతున్న మనిషి ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మంచం మీంచి లేచిన మొదటి రెండు మూడు అడుగులు, కమోడ్ దగ్గర వెనక్కి తిరిగే ఒక్క మలుపు, కుర్చీ వచ్చేసిందనుకుని ముందే కూలబడటం, అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది. కాబట్టి నేను ప్రతి ఏర్పాటునూ ఒకే ప్రశ్నతో తూస్తాను: ఆ లేచే క్షణంలో ఇది పనికొస్తుందా?

మంచం రెయిలింగ్: దీన్ని ముందే పక్కన పెడదాం

అడిగేవాళ్ళలో ఎక్కువమంది మనసులో ఉండేది ఇదే. రెయిలింగ్ ఉంటే దొర్లి పడరు కదా అని. నిజానికి ఆశ్రమాల్లో మంచం మీంచి దొర్లి పడేవాళ్ళు తక్కువ, లేవబోయి పడేవాళ్ళు ఎక్కువ. మూత్రం వస్తున్న మనిషి రెయిలింగ్ ఉందని ఆగడు. దాని మీంచి కాలు వేసి దాటబోతాడు. మంచం ఎత్తు నుంచి పడాల్సినవాడు రెయిలింగ్ ఎత్తు నుంచి పడతాడు. కడ్డీల మధ్య తల, చేయి ఇరుక్కుని ప్రాణాలు పోయిన ఘటనలు ఆసుపత్రుల్లో కూడా జరిగాయి.

చున్నీతో మంచానికో కుర్చీకో కట్టేసే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. బయటికి చెప్పరు గానీ ఉంది. కట్టేసిన మనిషి కాళ్ళు వారాల్లోనే సత్తువ కోల్పోతాయి. విప్పిన రోజున పడే అవకాశం ముందుకంటే పెరుగుతుంది. దీని గురించి ఇంతకంటే రాయను.

ఎక్సర్‌సైజు

నా వృత్తి ఇదే కాబట్టి నేను దీని వైపే మొగ్గుతానని మీరు అనుకోవచ్చు. మొగ్గుతాను కూడా. అందుకే ముందు దీనికి వ్యతిరేకంగా ఉన్నది చెప్తాను. 2018లో కోక్రేన్ వాళ్ళు (వైద్య అధ్యయనాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, సంరక్షణ గృహాల్లో వ్యాయామం వల్ల పడటం తగ్గుతుందో లేదో గట్టిగా చెప్పలేమన్నారు. కొన్నిచోట్ల తగ్గింది, కొన్నిచోట్ల తగ్గలేదు.

ఎందుకిలా అంటే, ఎక్సర్‌సైజు అన్న పేరుతో జరిగేవన్నీ ఒకటి కాదు. కుర్చీలో కూర్చుని చేతులు పైకెత్తి దించడం, భజన పాటకు చప్పట్లు కొట్టడం, బంతి విసురుకోవడం మనసుకు మంచివే, నేనూ చేయిస్తాను. కాళ్ళకు మాత్రం వాటితో ఒరిగేది లేదు. ఆస్ట్రేలియాలో 16 సంరక్షణ గృహాల్లో 221 మందితో చేసి, 2018లో ప్రచురించిన సన్‌బీమ్ అధ్యయనంలో కాళ్ళకు బరువులతో, నిలబడి బ్యాలెన్స్‌తో పని చెప్పారు. 25 వారాల్లో మొత్తం 50 గంటలు, అంటే వారానికి రెండు గంటలు. అక్కడ పడటం 55 శాతం తగ్గింది. వాళ్ళు వాడింది గాలి ఒత్తిడితో పనిచేసే ఖరీదైన మిషన్లు. మనకు టైలర్ దగ్గర కుట్టించిన ఇసుక సంచులు ఉన్నాయి, అర కిలోవి, కిలోవి. మడమ పైన కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు చాపిస్తే తొడ కండరానికి పని పడుతుంది.

కానీ ఒక్కటే ఎక్సర్‌సైజు ఎంచుకోమంటే ఇసుక సంచి కూడా అక్కర్లేదు, లేచి కూర్చోవడమే ఎంచుకుంటాను. చెప్పడానికి సులువుగా ఉంటుంది గానీ చేయించడంలో కొన్ని మెలికలున్నాయి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, కాబట్టి కుర్చీ వీపు గోడకు ఆనాలి. మనిషి కుర్చీ అంచుకు జరగాలి. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి రావాలి, చాలామంది పాదాలు ముందుకు చాపుకుని లేవబోయి వెనక్కే పడతారు. తల ముందుకు వంచి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చాక లేవాలి. లేచాక మూడు అంకెలు లెక్కపెట్టేదాకా కదలకూడదు. ఆ తర్వాత అసలు పని, మెల్లగా కూర్చోవడం. దబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే, ఎందుకంటే శరీరాన్ని ఆపుకుంటూ దించే బలమే తూలినప్పుడు మనిషిని నిలబెట్టేది.

ఒక ఆశ్రమంలో సాయంత్రం చాయ్‌కి దీన్ని ముడిపెట్టాం. చాయ్ గ్లాసు చేతికి రావాలంటే ఐదుసార్లు లేచి కూర్చోవాలి. మొదట్లో ఒక అవ్వ నన్ను బాగానే తిట్టింది. "గింత చాయ్ కోసం గింత పరీక్షా బిడ్డా?" అంది. ఇప్పుడు ఆమే పక్క కుర్చీ తాతకు అంకెలు లెక్కపెడుతుంది, తప్పు లెక్కపెట్టి ఒకటి ఎక్కువ చేయిస్తుంది కూడా. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద మోపి లేచినవాళ్ళు, కొన్నాళ్ళకు ఒక చేత్తో, తర్వాత చేతులు కట్టుకుని లేస్తారు. అందరూ ఆ మెట్టుకు రారు. రాకపోయినా పరవాలేదు, రెండు చేతులతోనైనా స్థిరంగా లేవగలిగితే రాత్రి పూట ఆ తేడా కనబడుతుంది. దీనితో పాటు కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం, గోడ పక్కన అడ్డంగా అడుగులేయడం. అంతకుమించి జాబితా పెంచితే ఏదీ జరగదు.

లోటు ఏమిటంటే, ఇది మనిషి మీద ఆధారపడిన పని. చేయించేవాళ్ళు మానేస్తే రెండు మూడు నెలల్లో కాళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. ఫిజియో వారానికి ఒకసారి వచ్చి ఫొటో దిగిపోతే లాభం లేదు, రోజూ ఉండే ఆయమ్మకు నేర్పాలి. మతిమరుపు బాగా ముదిరినవాళ్ళతో, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్ళతో, నిలబడితే కళ్ళు తిరిగేవాళ్ళతో డాక్టరుకు చూపించకుండా మొదలుపెట్టకూడదు.

బాత్రూం కడ్డీలు

కడ్డీకి జీతం ఇవ్వక్కర్లేదు, పండక్కి సెలవు పెట్టదు. ఒకసారి సరిగ్గా బిగిస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఎక్సర్‌సైజుకు లేని గొప్పతనం ఇది. దాతలకు కూడా కడ్డీ నచ్చుతుంది, పేరు రాయించుకోవచ్చు.

చిక్కంతా 'సరిగ్గా' అన్నదాంట్లో ఉంది. నేను చూసిన కడ్డీల్లో ఎక్కువ భాగం టవల్ రాడ్లు. తువ్వాలు ఆరేసే రాడ్డు తువ్వాలు బరువుకే చేసినది. అరవై కిలోల మనిషి దాన్ని పట్టుకుని వేలాడితే స్క్రూలతో సహా చేతికొస్తుంది, నమ్ముకున్నది ఊడితే మనిషి మామూలు కంటే గట్టిగా పడతాడు. గుండ్రంగా, పిడికిట్లో ఇమిడేంత మందం ఉండాలి. గోడకూ కడ్డీకీ మధ్య రెండంగుళాల సందు ఉంటే వేళ్ళు పడతాయి, మోచేయి ఇరుక్కోదు. టైల్‌కు కాదు, లోపలి ఇటుక గోడకు యాంకర్ బోల్టులతో బిగించాలి. బిగించాక మేస్త్రీనే దాన్ని పట్టుకుని ఊగమనండి. ఊగడానికి జంకితే మళ్ళీ బిగించమనండి.

కమోడ్ సీటు ఎత్తు నేల నుంచి 45 నుంచి 48 సెంటీమీటర్ల మధ్య ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళకు లేవడం వీలవుతుంది. చాలాచోట్ల దీనికంటే కిందికే ఉంటుంది. ఇంకో సంగతి, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కొందరు కమోడ్ మీదికెక్కి గొంతుక్కూర్చుంటారు. "అట్ల కూసుంటే వస్తలేదు" అంటారు. పింగాణీ అంచు మీద తడి పాదాలతో ఎక్కి కూర్చున్న డెబ్బై ఏళ్ళ మనిషిని ఏ కడ్డీ కాపాడుతుంది? అలాంటివాళ్ళకు కడ్డీ బిగించడం కంటే ముందు పగటిపూట పక్కనే నిలబడి రెండు మూడు వారాలు అలవాటు చేయించాలి. స్నానానికి చిన్న పీట వద్దు, బరువైన కుర్చీ వేయండి. బాత్రూం గడప రెండంగుళాలున్నా తీయించి వాలు పెట్టించండి, లేదా అంచుకు పసుపు రంగు కొట్టించండి.

కడ్డీ లేచే క్షణంలో పనికొస్తుంది, కానీ అది ఉన్న చోటే. మంచం నుంచి బాత్రూం దాకా ఉన్న పదీ పన్నెండు అడుగుల్లో అది లేదు. అందుకే నా లెక్కలో మామూలు కాళ్ళున్నవాళ్ళకు కడ్డీ, కాలి బలం తర్వాతే.

ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళకు లెక్క తిరగబడుతుంది

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళున్న ఆశ్రమాలకు పైన చెప్పిన వరస అలాగే వర్తించదు. ఇప్పుడు డెబ్బైలో ఉన్నవాళ్ళు వయసులో ఉన్నప్పుడంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే తాగారు. దాంతో ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బే ఫ్లోరోసిస్. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చాయి, పిల్లలకు ఆ బాధ తప్పింది, కానీ అప్పటికే బిగిసిన వెన్ను మళ్ళీ వంగదు. ఫ్లోరోసిస్‌లో ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనబడుతుంది, బలంగా ఉందనుకుంటాం. కానీ అది పెళుసు. కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లకు సున్నం పట్టి బిగుసుకుపోతాయి.

అలాంటి తాత ఒకాయన లేవడం దగ్గర నుంచి చూస్తే విషయం అర్థమవుతుంది. మెడ తిరగదు, పక్కన ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. వీపు వంగదు కాబట్టి, నేను ఇందాక చెప్పిన 'ముక్కు కాలివేళ్ళ మీదికి' ఆయనకు కుదరదు. తన కాళ్ళ దగ్గర ఏముందో ఆయనకు కనబడదు. అందుకని పక్కకు ఒరిగి, ఒక చేత్తో మంచం కోడును తోసి, ఒక్క ఊపుతో లేస్తారు. లేచాక నిలదొక్కుకునేలోపు తూలితే గబుక్కున అడుగు పక్కకు వేయలేరు. పడటం చెట్టు పడ్డట్టే ఉంటుంది, ఎక్కడా మడత పడదు.

ఈయనకు లేచి కూర్చునే ఎక్సర్‌సైజు పదిసార్లు చేయిస్తే మోకాళ్ళు వాచడం తప్ప ఏమీ రాదు. ఇక్కడ ఎత్తులు మార్చాలి. మంచం కోళ్ళ కింద చెక్క దిమ్మెలు వేసి, కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కంటే కాస్త పైన ఉండేలా చేస్తే లేవడం సగం తేలికవుతుంది. దిమ్మెకు కోడు దిగేలా గుంట తొలిపించాలి, వట్టి ఇటుకల మీద నిలబెడితే మంచమే జారుతుంది. కమోడ్‌కు రెండు పక్కలా కడ్డీలు కావాలి. మంచం నుంచి బాత్రూం దాకా గోడ వెంట పట్టుకుని నడిచే రెయిలు వీళ్ళకు విలాసం కాదు. కాళ్ళలో తిమ్మిరి, కాళ్ళు బిగుసుకుని ఈడ్చడం కొత్తగా మొదలైతే వెన్నుపాము నొక్కుకుంటోందేమో డాక్టరు చూడాలి, అది మా చేతిలో లేదు. మొత్తానికి ఇలాంటివాళ్ళు సగం మంది ఉన్న ఆశ్రమంలో ఒక్క పనికే డబ్బుంటే నేను కడ్డీలు, ఎత్తులే అంటాను. ఫిజియోను తర్వాత పిలవండి.

రాత్రి ఆయమ్మ

తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య. నిద్రమత్తు, నిండిన మూత్రాశయం, చీకటి, పడుకుని లేవగానే పడిపోయే బీపీ, నాలుగూ ఒకేచోట కలిసే సమయం అది. ఆ వేళకు ఆయమ్మ ఎక్కడుంది? చాలా ఆశ్రమాల్లో ఉంటుంది, కానీ హాలు ఆ చివర పడుకుని ఉంటుంది, పగలంతా చాకిరీ చేసింది కాబట్టి గాఢనిద్రలో ఉంటుంది. మన పెద్దవాళ్ళు లేపరు. "పిల్ల అలసిపోయింది, ఎందుకు లేపుడు" అని గోడ పట్టుకుని బయల్దేరతారు. పడ్డాక కూడా "పడలే బిడ్డా, కాలు జర మడతపడ్డది" అంటారు.

బెల్ కొనిచ్చినా నొక్కరు కాబట్టి, పిలిస్తే వచ్చే ఆయమ్మ కంటే పిలవకుండానే వచ్చే ఆయమ్మ కావాలి. పడుకునే ముందు అందరినీ ఒకసారి బాత్రూంకి తీసుకెళ్ళడం, అర్ధరాత్రి దాటాక ఒకసారి, నాలుగు లోపల ఒకసారి తరచూ లేచేవాళ్ళను తనే లేపడం. లేపాక కాళ్ళు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోబెట్టి, అప్పుడు నిలబెట్టడం. దీనికి ఇద్దరు కొత్త మనుషులు అక్కర్లేదు, పగటి పని లేని ఒక్క మనిషి చాలు. జీతం దొరక్కపోతే దీనికి దగ్గరగా వచ్చేది మంచం పక్కన కమోడ్ కుర్చీ. కింద బకెట్ ఉండే కుర్చీ అది. ముసలివాళ్ళు మొదట సిగ్గుపడతారు, ఒక తెర కట్టిస్తే ఒప్పుకుంటారు. ఆ పన్నెండు అడుగుల నడకే తప్పుతుంది.

సిబ్బందికి నేర్పడం వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్ళకు ఒక మంచి ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లో 84 కేర్ హోముల్లో 1,657 మందితో చేసిన అధ్యయనం 2021లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ కొత్త మిషన్లు కొనలేదు. సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరికి ఎందువల్ల పడే ప్రమాదముందో చూసుకునే పట్టిక చేతికిచ్చారు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా చూస్తే పడటం 43 శాతం తగ్గింది.

ఎక్సర్‌సైజా, రాత్రి ఆయమ్మా అంటే నేను కాస్త తటపటాయిస్తాను. తమంతట తాము నడిచేవాళ్ళు ఎక్కువగా ఉంటే ఎక్సర్‌సైజు. ఆసరా లేకుండా లేవలేకపోయినా లేవబోయేవాళ్ళు, మతిమరుపు ఉన్నవాళ్ళు ఎక్కువుంటే రాత్రి ఆయమ్మ. అలాంటివాళ్ళకు కాలి బలం పెంచుతూ కూర్చునేలోపే పడతారు.

మందులు, తిండి

ఇవి పెద్దగా ఖర్చు లేనివి కాబట్టి ఏది ఎంచుకున్నా వీటిని వదలొద్దు. నిద్రమాత్రలు, మానసిక వైద్యం మందులు, ప్రోస్టేట్ మాత్రలు, బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, ఇవి లేచే క్షణంలో మనిషిని కింద పడేయగలవు. బీపీ డాక్టరు ఒకటి రాస్తారు, కీళ్ళ డాక్టరు ఒకటి, ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇంకొకటి. మాత్రల కవర్లన్నీ ఒక సంచిలో వేసి ఒకే డాక్టరు ముందు కుమ్మరించండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మూడు నిమిషాల లోపల ఇంకోసారి బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మీ అంతట మీరు నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో ఆశ్రమాల్లో ఒక తిరకాసు ఉంది. రాత్రి భోజనం ఏడింటికే పెట్టేస్తారు, టిఫిన్ మర్నాడు ఎనిమిదింటికి. మధ్యలో పదమూడు గంటలు. మాత్ర బలంగా ఉంటే తెల్లవారేసరికి షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పడుకునే ముందు ఒక గ్లాసు పాలు ఇస్తే సరిపోతుందా, మాత్ర మార్చాలా అని డాక్టరును అడగండి.

పాల మాట వచ్చింది కాబట్టి, ఆస్ట్రేలియాలో 60 సంరక్షణ గృహాల్లో 7,195 మందితో చేసిన అధ్యయనం 2021లో బీఎంజేలోనే వచ్చింది. సగం గృహాల్లో పాలు, పెరుగు, చీజ్ పెంచి పెట్టారు. అక్కడ పడటం 11 శాతం, ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం తగ్గాయి. మన ఆశ్రమాల్లో పెరుగంటే పలచటి మజ్జిగే. పొద్దున తైద (రాగి) అంబలి, రెండు పూటలా గడ్డ పెరుగు, వారంలో కొన్నిసార్లు గుడ్డు పెడితే చాలు. పుట్టినరోజుకు కేకు తెచ్చే దాతలను నెలకు సరిపడా పాలు ఇప్పించమనండి. విటమిన్ డి తక్కువున్నవాళ్ళకు డాక్టరు రాసిస్తే వేయించండి, అది పడటాన్ని తగ్గించవచ్చని పైన చెప్పిన కోక్రేన్ సమీక్షలోనే ఉంది.

మిగతావి రెండు ముక్కల్లో. తుంటికి కట్టే మెత్తలు తుంటి విరగడాన్ని కొద్దిగా తగ్గిస్తాయి, మన ఎండల్లో ఎవరూ కట్టుకోరు. మంచం అలారం మోగేసరికి మనిషి నేల మీద ఉంటారు. సీసీ కెమెరా ఎలా పడ్డారో చూపిస్తుంది, అంతే. వాకర్ మంచిదే, కానీ కొలత చూసి ఇవ్వాలి, చేతులు వేలాడేసి నిలబడితే మణికట్టు దగ్గరికి రావాలి. దాని కాళ్ళకుండే రబ్బరు బుష్షులు అరిగితే అదే రోజు మార్చాలి. అరవై దాటిన పేదవాళ్ళకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్ర, వాకర్ ఉచితంగా ఇస్తారు. క్యాంపు ఎప్పుడో జిల్లా సంక్షేమ శాఖలో అడగండి, లేదా 14567కు ఫోన్ చేయండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. శుక్లాలుంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.

తల్లినో తండ్రినో చేర్పించబోయేవాళ్ళకు ఒక మాట. ఆశ్రమం చూడటానికి పగలు కాకుండా రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళండి. మంచం మీద మీరే కూర్చుని పాదాలు పూర్తిగా నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి, మంచం నుంచి బాత్రూం దాకా జీరో బల్బు వెలుగులో నడవండి. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీలో ఎవరుంటారో అడగండి, పేరు చెప్పగలగాలి. ఎవరు ఎప్పుడు ఎక్కడ పడ్డారో రాసే రిజిస్టర్ చూపించమనండి. "మా దగ్గర ఇంతవరకు ఎవరూ పడలేదండీ" అంటే అక్కడ రాయడం లేదని అర్థం. ఇంకో ఆశ్రమంలో రిజిస్టర్ తీసి, పోయిన నెల ముగ్గురు పడ్డారు, ఇద్దరు బాత్రూం గడప దగ్గరే, అందుకే గడప తీయించాం అని చూపిస్తే, నేనైతే మా అమ్మను అక్కడ చేర్పిస్తాను.